క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్

క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనగా విమాన సిబ్బంది ఒక జట్టుగా పనిచేయుటకు ఇచ్చే శిక్షణ, ఆ శిక్షణకు ఆధారమైన పద్ధతుల సముదాయం. దీనిని క్లుప్తంగా సీఆర్‌ఎం అని వ్యవహరిస్తారు. విమానాన్ని ఎలా నడపాలి అనే సాంకేతిక విషయం ఇందులో ప్రధానం కాదు. తోటివారికి తెలిసిన సమాచారాన్ని ఎలా రాబట్టాలి, పనిని ఎలా పంచుకోవాలి, పై అధికారి పొరపాటు చేస్తున్నాడని గమనించిన కింది ఉద్యోగి ఆ సంగతి ఎలా చెప్పాలి, దానిని పై అధికారి ఎలా స్వీకరించాలి అనే అంశాలను ఇది బోధిస్తుంది. 1970వ దశకంలో జరిగిన కొన్ని ఘోర ప్రమాదాల తరువాత అమెరికాలో ఈ పద్ధతి రూపొందింది. అనంతరం వైద్యశాలలు, నౌకలు, అగ్నిమాపక దళాలు మొదలైన అనేక పని ప్రదేశాలకు విస్తరించింది.

పేరు - అర్థం

ఇక్కడ 'రిసోర్స్' అనగా వనరు. కెప్టెన్ చేతిలో ఉన్న పరికరాలు, ఇంధనం, సమయం మాత్రమే గాక సహ పైలట్, విమాన పరిచారికలు, కంట్రోల్ టవర్ అధికారులు, నేలపైనున్న ఇంజనీర్లు కూడా వనరులే. వీరందరి కళ్ళు, చెవులు, అనుభవం కెప్టెన్ నిర్ణయానికి ఉపయోగపడాలి అన్నది ఈ పేరులోని భావం. మొదట్లో దీనిని 'కాక్‌పిట్ రిసోర్స్ మేనేజ్‌మెంట్' అనేవారు. ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు నాసా సంస్థలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ లాబర్. కాక్‌పిట్ వెలుపల పనిచేసేవారికి కూడా ఈ శిక్షణ అవసరమని గుర్తించడంతో 1980వ దశకం ద్వితీయార్ధంలో 'కాక్‌పిట్' స్థానంలో 'క్రూ', అనగా సిబ్బంది, అనే మాట చేరింది. సీఆర్‌ఎం అనే పొడి అక్షరాలు మాత్రం మారలేదు.

నేపథ్యం

తొలి రోజులలో విమానంలో కెప్టెన్ స్థానం ఓడలో కెప్టెన్ స్థానం వంటిదే. ఆయన మాటకు ఎదురు చెప్పడం క్రమశిక్షణారాహిత్యంగా భావించబడేది. జెట్ విమానాలు వచ్చిన తరువాత ఇంజన్లు, పరికరాలు బాగా మెరుగుపడ్డాయి. యంత్రలోపం వలన జరిగే ప్రమాదాలు తగ్గుతూ వచ్చేసరికి మనుషుల పొరపాట్ల వలన జరిగేవి స్పష్టంగా కనిపించసాగాయి. కాక్‌పిట్‌లోని సంభాషణలను భద్రపరచే వాయిస్ రికార్డర్లు రావడంతో, చివరి నిమిషాలలో ఎవరు ఏమి అన్నారో, దానికి ఎవరు ఏమి బదులిచ్చారో దర్యాప్తు అధికారులు వినగలిగారు. పలు సందర్భాలలో ప్రమాదాన్ని తప్పించగల సమాచారం కాక్‌పిట్‌లోనే ఎవరో ఒకరి వద్ద ఉన్నదని, అది నిర్ణయం తీసుకునే వ్యక్తికి చేరలేదని తేలింది.

మయామీ ప్రమాదం, 1972

1972 డిసెంబరు 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం మయామీలో దిగబోతుండగా ముందు చక్రం సరిగా దిగినట్లు తెలిపే చిన్న దీపం వెలగలేదు. సిబ్బంది ఆటోపైలట్‌ను నిర్ణీత ఎత్తులో ఉంచి ఆ దీపం సంగతి చూడసాగారు. ఈలోగా ఎత్తును నిలిపి ఉంచే అమరిక వారికి తెలియకుండానే తొలగిపోయింది. విమానం మెల్లగా కిందికి దిగుతున్న విషయాన్ని ఎవరూ గమనించలేదు. అది ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలి 176 మందిలో 101 మంది మరణించారు. చక్రం సరిగానే ఉంది, దీపం మాత్రమే కాలిపోయింది. కాక్‌పిట్‌లో ఉన్నవారందరూ ఒకే చిన్న పనిలో మునిగిపోగా, విమానాన్ని నడిపే బాధ్యత ఎవరి వద్దా మిగలలేదు.

టెనరీఫ్ ప్రమాదం, 1977

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులలో ఒక విమానాశ్రయంలో బాంబు పేలడంతో పలు విమానాలను టెనరీఫ్ దీవిలోని లోస్ రోడియోస్ విమానాశ్రయానికి మళ్ళించారు. అక్కడ దట్టమైన పొగమంచు కమ్మింది. పాన్ అమెరికన్ సంస్థకు చెందిన బోయింగ్ 747 ఇంకా రన్‌వే మీద ఉండగానే కేఎల్ఎమ్ సంస్థకు చెందిన మరొక 747 పైకి లేవడానికి పరుగు ప్రారంభించి దానిని ఢీకొన్నది. రెండు విమానాలలో కలిపి 583 మంది మరణించారు. విమానయాన చరిత్రలో ప్రమాదవశాత్తు జరిగిన దుర్ఘటనలలో ఇంతమంది చనిపోయినది మరొకటి లేదు.

కేఎల్ఎమ్ కెప్టెన్ ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణనిచ్చే సీనియర్ అధికారి. ఆయన ఇంజన్ల వేగం మొదటిసారి పెంచబోయినప్పుడు ఇంకా అనుమతి రాలేదని సహ పైలట్ గుర్తు చేశాడు. కొద్దిసేపటికి కెప్టెన్ మళ్ళీ బయలుదేరినప్పుడు మాత్రం అంత స్పష్టంగా అభ్యంతరం చెప్పలేదు. పాన్ అమెరికన్ విమానం రన్‌వే నుండి తప్పుకోలేదా అని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. తప్పుకున్నదని కెప్టెన్ నొక్కి చెప్పడంతో ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. కంట్రోల్ టవర్‌తో జరిగిన సంభాషణలో అస్పష్టమైన పదాలు వాడడం, రెండు రేడియో సందేశాలు ఒకదానిపై ఒకటి పడి సరిగా వినబడకపోవడం కూడా ఈ ప్రమాదానికి దోహదం చేశాయి.

పోర్ట్‌లాండ్ ప్రమాదం, 1978

1978 డిసెంబరు 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానం 189 మందితో డెన్వర్ నుండి పోర్ట్‌లాండ్ చేరింది. చక్రాలు దించినప్పుడు అసాధారణమైన కుదుపు, చప్పుడు వచ్చాయి. కెప్టెన్ విమానాన్ని గాలిలోనే తిప్పుతూ దాదాపు ఒక గంట సేపు చక్రాల సంగతి, ప్రయాణికులను అత్యవసరంగా దించే ఏర్పాట్ల సంగతి చూశాడు. ఈలోగా ఇంధనం తరిగిపోతున్నదని సహ పైలట్‌కు, ఫ్లైట్ ఇంజనీరుకు తెలుసు. వారు ఆ మాట ప్రస్తావించారు కూడా. అయితే ఇక క్షణం ఆగితే విమానం కూలుతుంది అన్నంత స్పష్టంగా చెప్పలేదు. చివరకు నాలుగు ఇంజన్లూ ఆగిపోయి విమానం ఊరి శివార్లలో కూలింది. పదిమంది మరణించారు.

ఈ ప్రమాదాన్ని దర్యాప్తు చేసిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1979లో ఇచ్చిన నివేదికలో ఇంధనాన్ని గమనించనందుకు కెప్టెన్‌ను తప్పుపట్టి ఊరుకోలేదు. కెప్టెన్లకు అందరినీ కలుపుకుని నిర్ణయం తీసుకోవడంలోను, ఇతర సిబ్బందికి తమ మాటను గట్టిగా చెప్పడంలోను శిక్షణ ఇవ్వాలని సిఫారసు చేసింది. మాట వినడం, మాట చెప్పడం - ఈ రెండింటినీ నేర్పవలసిన నైపుణ్యాలుగా గుర్తించడం ఇందులోని విశేషం.

ఆవిర్భావం - వికాసం

ఇదే కాలంలో నాసా ఆధ్వర్యంలో రఫెల్ స్మిత్ అనే పరిశోధకుడు అనుభవజ్ఞులైన 747 సిబ్బందిని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ప్రయాణం మధ్యలో చిక్కులు కల్పించి వారి పనితీరును పరిశీలించాడు. 1979లో వెలువడిన ఈ అధ్యయనం ప్రకారం సిబ్బంది చేసిన పొరపాట్లలో హెచ్చుతగ్గులకు విమానం నడిపే నైపుణ్యం కంటే పని పంపకం, సమాచార మార్పిడి, నాయకత్వం ఎక్కువ కారణమయ్యాయి. అదే సంవత్సరం జూన్‌లో నాసా శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ విషయంపై ఒక సదస్సును నిర్వహించింది. సీఆర్‌ఎం చరిత్రకు ఈ సదస్సును ఆరంభంగా పరిగణిస్తారు.

1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లందరికీ సమగ్ర శిక్షణ ప్రారంభించింది. కార్యాలయాలలోని మేనేజర్ల కోసం రాబర్ట్ బ్లేక్, జేన్ మౌటన్ రూపొందించిన పద్ధతిని ఇందుకు ఆధారంగా తీసుకున్నారు. పనిపట్ల శ్రద్ధ, మనుషులపట్ల శ్రద్ధ అనే రెండు కొలమానాలపై ప్రతి నాయకుడూ తన స్వభావాన్ని తానే అంచనా వేసుకోవడం ఈ పద్ధతిలోని ముఖ్యాంశం. ఈ విధంగా కార్యాలయం నుండి కాక్‌పిట్‌కు వెళ్ళిన విద్య తరువాతి కాలంలో మెరుగులు దిద్దుకుని తిరిగి కార్యాలయాలకు చేరింది.

టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హెల్మ్‌రైక్, ఆయన సహచరులు ఈ శిక్షణ ఫలితాలను దీర్ఘకాలం పరిశీలించారు. తొలి తరం శిక్షణ వ్యక్తుల స్వభావాన్ని మార్చడంపై దృష్టి పెట్టగా, తరువాతి తరాలు జట్టు చేసే పనులపై దృష్టి పెట్టాయని వారు వివరించారు. మనిషి అన్నవాడు పొరపాటు చేయక మానడు కావున, పొరపాటును నివారించడం, జరిగినదానిని పట్టుకోవడం, దాని ఫలితాన్ని తగ్గించడం అనే మూడు దశలలో జట్టు పనిచేయాలన్న భావన 1990వ దశకంలో స్థిరపడింది. ఆ దశకం చివరికి అమెరికాలోని పెద్ద విమానయాన సంస్థలకు ఈ శిక్షణ తప్పనిసరి అయింది.

ప్రధాన సూత్రాలు

అధికారపు వాలు

కెప్టెన్‌కు, సహ పైలట్‌కు మధ్య హోదా, వయస్సు, అనుభవాలలో గల తేడాను బ్రిటిష్ పరిశోధకుడు ఎల్విన్ ఎడ్వర్డ్స్ వాలుతో పోల్చాడు. వాలు మరీ నిటారుగా ఉంటే కిందివాని మాట పైకి చేరదు. వాలు అసలే లేకపోతే ఎవరి మాట చెల్లుతుందో తెలియక నిర్ణయం ఆలస్యమవుతుంది. కావున వాలు ఉండాలి, కాని ఎక్కగలిగినంత ఉండాలి. సీఆర్‌ఎం కెప్టెన్ అధికారాన్ని తొలగించదు. తుది నిర్ణయం, తుది బాధ్యత ఆయనవే. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం అంతా ఆయన ముందుకు వచ్చే ఏర్పాటు మాత్రమే చేస్తుంది.

వాలును తగ్గించే బాధ్యత మొదట నాయకునిదే. ప్రయాణానికి ముందు జరిగే సమావేశంలో కెప్టెన్ తన సిబ్బందిని పేరుపేరునా పలకరించడం, తాను కూడా పొరపడవచ్చునని చెప్పడం, ఏదైనా తేడా కనిపిస్తే వెంటనే చెప్పమని కోరడం ఇందులో భాగాలు. ఈ కొద్ది నిమిషాలలో ఏర్పడిన వాతావరణమే ఆపద సమయంలోనూ కొనసాగుతుంది.

మాటను మెట్లుగా పెంచడం

పై అధికారితో మాట్లాడేటప్పుడు కిందివారు విషయాన్ని మెత్తగా, సూచనప్రాయంగా చెబుతారు. ఊట్ ఫిషర్, జుడిత్ ఒరసాను అనే పరిశోధకులు పైలట్లపై జరిపిన అధ్యయనంలో కెప్టెన్లు సూటిగా ఆదేశాలు ఇవ్వడానికి, సహ పైలట్లు సూచనగా చెప్పడానికి మొగ్గు చూపుతారని తేలింది. సూచనలో మర్యాద ఉన్నా అందులోని ప్రమాద తీవ్రత ఎదుటివానికి అర్థం కాకపోవచ్చు. దీనికి పరిష్కారంగా మాటను నాలుగు మెట్లలో పెంచే పద్ధతిని నేర్పుతారు. ఉదాహరణకు ఇంధనం తగ్గిపోతున్న సందర్భంలో సహ పైలట్ ఈ విధంగా మాట్లాడవచ్చు:

1. ఆరా: "కెప్టెన్, ఇంధనం ఎంత ఉందో చూశారా?"
2. హెచ్చరిక: "కెప్టెన్, ఇంధనం ఇంకా పదిహేను నిమిషాలకే వస్తుంది. ఇలాగే తిరిగితే రన్‌వే చేరలేము."
3. సవాలు: "కెప్టెన్, మీరు ఇప్పుడే విమానాశ్రయం వైపు తిప్పాలి. లేకపోతే ఇంజన్లు ఆగిపోతాయి."
4. అత్యవసర చర్య: "కెప్టెన్, నియంత్రణ నేను తీసుకుంటున్నాను."

ప్రతి మెట్టులోనూ హోదాతో పిలవడం, గౌరవ వాచకం అలాగే ఉన్నాయి. పెరిగినది స్పష్టత మాత్రమే. గౌరవం చూపడానికి, నిజాన్ని మింగడానికి మధ్య గల భేదాన్ని ఈ ఉదాహరణ తెలుపుతుంది. మొదటి మెట్టులోనే కెప్టెన్ స్పందిస్తే మిగిలిన మెట్లతో పనిలేదు. నాలుగవ మెట్టును సంస్థ తన నియమావళిలో ముందుగానే గుర్తించి ఉండాలి. లేనిచో ఉద్యోగం పోతుందన్న భయంతో ఎవరూ ఆ మెట్టు ఎక్కరు.

తిరిగి చెప్పడం

కంట్రోల్ టవర్ నుండి వచ్చిన ఆదేశాన్ని పైలట్ తిరిగి చదివి వినిపించాలి. అది సరైనదా కాదా అన్నది చెప్పినవారు గమనించాలి. చెప్పడం, తిరిగి చెప్పడం, సరిచూడడం అనే మూడూ పూర్తి అయితేనే సమాచారం చేరినట్లు లెక్క. టెనరీఫ్ ప్రమాదం తరువాత 'టేకాఫ్' అనే మాటను విమానం పైకి లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని తిరిగి చదివేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడరాదన్న నియమం వచ్చింది. మిగిలిన సందర్భాలలో 'డిపార్చర్' అంటారు.

పని విభజన

ఇద్దరు పైలట్లలో ఒకరు విమానాన్ని నడుపుతారు. రెండవవారు పరికరాలను, మొదటివారి చర్యలను గమనిస్తూ రేడియోలో మాట్లాడతారు. ఈ పాత్రలకు హోదాతో సంబంధం లేదు. సహ పైలట్ నడుపుతుండగా కెప్టెన్ గమనించవచ్చు. రెండవ వ్యక్తిని ఒకప్పుడు 'నడపని పైలట్' అని పిలిచేవారు. ఆ పేరు అతనికి పని లేదన్న భావన కలిగిస్తున్నదని 'గమనించే పైలట్' అని మార్చారు. నియంత్రణ ఒకరి నుండి ఒకరికి మారేటప్పుడు ఇద్దరూ ఆ సంగతిని పైకి చెప్పాలి. ఏ చిక్కు వచ్చినా ఒకరు మాత్రం విమానాన్ని నడపడం మానరాదన్న నియమం మయామీ వంటి ప్రమాదాలు నేర్పిన పాఠం.

ఏకాగ్రతను కాపాడే నియమం కూడా ఒకటి కలదు. 1981 నుండి అమెరికాలో విమానం నేలపై కదులుతున్నప్పుడు, పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు, సాధారణంగా 10,000 అడుగుల లోపు, పనికి సంబంధం లేని సంభాషణ నిషిద్ధం. ఇటువంటి నియమాన్ని ఇతర దేశాలు కూడా పాటిస్తున్నాయి.

ముందు మాట, వెనుక సమీక్ష

పని మొదలయ్యే ముందు ఏమి చేయబోతున్నాము, ఏమి తప్పిపోవచ్చు, తప్పితే ఎవరు ఏమి చేయాలి అని చర్చించుకుంటారు. పని ముగిసిన తరువాత ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని సమీక్షిస్తారు. సమీక్షలో నాయకుడు తన లోపాన్ని ముందుగా చెబితే మిగిలినవారికి తమ లోపాలు చెప్పడం సులువవుతుంది.

శిక్షణ విధానం

ఈ శిక్షణ తరగతి గదిలో మొదలై సిమ్యులేటర్‌లో పూర్తవుతుంది. సిబ్బంది మొత్తం కలిసి ఒక పూర్తి ప్రయాణాన్ని మొదటి నుండి చివరి వరకు నడుపుతారు. మధ్యలో శిక్షకుడు చిక్కులు కల్పిస్తాడు గాని సాయం చేయడు. తరువాత ఆ దృశ్యాలను చూస్తూ తమ తీరును తామే విశ్లేషించుకుంటారు. ఐరోపాలో ఈ నైపుణ్యాలను అంచనా వేయడానికి సహకారం, నాయకత్వం, పరిస్థితిపై అవగాహన, నిర్ణయం తీసుకోవడం అనే నాలుగు విభాగాలుగా ఒక పద్ధతిని రూపొందించారు. ఒకసారి నేర్చుకున్నది కాలక్రమేణా మరుగున పడుతుంది కనుక ఈ శిక్షణను నిర్ణీత కాలానికి ఒకసారి మళ్ళీ ఇస్తారు.

1989 జనవరి 8న బ్రిటన్‌లోని కెగ్‌వర్త్ వద్ద జరిగిన ప్రమాదం ఈ శిక్షణలో మరొక మార్పు తెచ్చింది. ఆ విమానంలో ఎడమ ఇంజను దెబ్బతినగా పైలట్లు పొరపాటున కుడి ఇంజనును ఆపివేశారు. కుడి ఇంజనులో చిక్కు వచ్చిందని కెప్టెన్ ప్రకటించాడు. ఎడమ వైపు మంటలను చూసినవారు వెనుక ఉన్నారు, కాని ఆ తేడా కాక్‌పిట్‌కు చేరలేదు. 47 మంది మరణించారు. అనంతరం పైలట్లకు, విమాన పరిచారికలకు ఉమ్మడిగా శిక్షణ ఇవ్వాలన్న అభిప్రాయం బలపడింది.

సూ సిటీ సంఘటన

సీఆర్‌ఎం ఉపయోగానికి తరచుగా చూపే ఉదాహరణ 1989 జూలై 19న జరిగిన యునైటెడ్ 232 సంఘటన. డీసీ-10 విమానం తోకలోని ఇంజను పగిలి, దాని ముక్కల వలన మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పనిచేయకుండా పోయాయి. రెక్కలపై, తోకపై ఉండే నియంత్రణ పలకలు ఏవీ కదలని స్థితి అది. ఇటువంటి స్థితికి నియమావళిలో పరిష్కారం లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ తన సిబ్బంది సలహాలను అడుగుతూ, ప్రయాణికునిగా వచ్చిన డెనిస్ ఫిచ్ అనే శిక్షణ పైలట్‌ను కూడా కాక్‌పిట్‌లోకి ఆహ్వానించాడు. మిగిలిన రెండు ఇంజన్ల వేగాన్ని హెచ్చించి తగ్గించి విమానాన్ని తిప్పే పని ఫిచ్‌కు అప్పగించాడు. నలుగురూ కలిసి విమానాన్ని అయోవా రాష్ట్రంలోని సూ సిటీ రన్‌వే వరకు తేగలిగారు. దిగేటప్పుడు విమానం ముక్కలైనా, 296 మందిలో 184 మంది బతికారు. తన సంస్థ ఇచ్చిన సీఆర్‌ఎం శిక్షణ లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదని హేన్స్ పలు ఉపన్యాసాలలో చెప్పాడు.

భారతదేశంలో

భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమాల ప్రకారం విమానయాన సంస్థల సిబ్బందికి ఈ శిక్షణ తప్పనిసరి. అయినప్పటికీ దేశంలో జరిగిన కొన్ని ప్రమాదాల నివేదికలలో ఈ లోపం ప్రస్తావనకు వచ్చింది.

2010 మే 22న దుబాయ్ నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం మంగళూరులోని గుట్టపై గల రన్‌వేను దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. దిగే తీరు సరిగా లేనందున మళ్ళీ పైకి లేపమని సహ పైలట్ మూడుసార్లు చెప్పినా, యంత్రాలు హెచ్చరించినా, కెప్టెన్ విరమించకపోవడమే ప్రత్యక్ష కారణమని విచారణ సంఘం తేల్చింది. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయిన కెప్టెన్‌లో మత్తు వదలకపోవడం కూడా ఒక కారణంగా పేర్కొన్నది.

2020 ఆగస్టు 7న అదే సంస్థకు చెందిన 1344 విమానం కోజికోడ్‌లో వర్షంలో దిగుతూ ఇదే విధంగా రన్‌వే దాటిపోయింది. 190 మందిలో 21 మంది మరణించారు. ఈసారి కూడా దిగడం మానుకొమ్మని సహ పైలట్ చెప్పాడు. అయితే కెప్టెన్ వినకపోయినప్పుడు నియంత్రణను తన చేతిలోకి తీసుకోలేదు. కాక్‌పిట్‌లో నిటారుగా ఉన్న అధికారపు వాలు, సీఆర్‌ఎం లోపం ఇందుకు దోహదం చేశాయని నివేదిక పేర్కొన్నది. పది సంవత్సరాల తేడాతో జరిగిన ఈ రెండు ప్రమాదాలలోనూ సరైన మాట కాక్‌పిట్‌లో పలకబడింది. నాలుగవ మెట్టు మాత్రం ఎక్కలేదు.

అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించిన 2009 సెప్టెంబరు 2 నాటి హెలికాప్టర్ ప్రమాదం కూడా ఈ సందర్భంలో గమనింపదగినది. నల్లమల ప్రాంతంలో ప్రతికూల వాతావరణంలో బలంగా కిందికి వీచే గాలిలో చిక్కుకుని హెలికాప్టర్ అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. ఆ సమయంలో సిబ్బంది ఆయిల్ పీడనానికి సంబంధించిన ఒక హెచ్చరికను పరిష్కరించే ప్రయత్నంలో మునిగి ఉన్నారని కూడా పేర్కొన్నది.

ఇతర రంగాలలో

వైద్యశాలలు

శస్త్రచికిత్స గదిలో సర్జన్ స్థానం పాతకాలపు కెప్టెన్ స్థానాన్ని పోలి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ గాబా, ఆయన సహచరులు మత్తు వైద్యుల కోసం సీఆర్‌ఎంను అనుసరించి ఒక శిక్షణను రూపొందించారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాలతో శస్త్రచికిత్స చెక్‌లిస్టును విడుదల చేసింది. కోత పెట్టే ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, పాత్ర చెప్పుకోవడం అందులో ఒక అంశం. తన పేరు ఒకసారి పైకి చెప్పుకున్న నర్సు, తరువాత పొరపాటు కనిపిస్తే నోరు విప్పే అవకాశం ఎక్కువ అన్నది దీని ఉద్దేశం. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలోని ఆసుపత్రులలో జరిపిన పరిశీలన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. వాటి ప్రకారం పెద్ద చిక్కులు 11 శాతం నుండి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గాయి.

అయితే కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో చెక్‌లిస్టును విధిగా అమలుచేసిన 101 ఆసుపత్రులను పరిశీలించినప్పుడు చెప్పుకోదగిన మార్పు కనిపించలేదని 2014లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. కాగితంపై టిక్కు పెట్టడం వేరు, జట్టుగా మాట్లాడుకోవడం వేరు అని పలువురు దీనిని వ్యాఖ్యానించారు.

నౌకలు

నౌకలలో ఇటువంటి శిక్షణను బ్రిడ్జ్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. నౌకను నడిపే గదికి బ్రిడ్జ్ అని పేరు. 2010లో మనీలాలో సవరించిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నౌకాధికారులు ఈ నైపుణ్యాన్ని కలిగి ఉండడం తప్పనిసరి.

కార్యాలయాలు

సాధారణ కార్యాలయంలో పొరపాటు వలన ప్రాణాలు పోకపోవచ్చు. కాని గడువు తప్పిన పని, తప్పుడు లెక్కతో వెళ్ళిన టెండరు, లోపం తెలిసీ విడుదలైన సాఫ్ట్‌వేర్ వంటి వాటి వెనుక కూడా తరచుగా ఎవరికో ముందే తెలిసి చెప్పని మాట ఉంటుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలించి 1996లో ఒక ఆసక్తికరమైన విషయాన్ని ప్రకటించింది. మంచి నాయకత్వం గల విభాగాలలో నమోదైన పొరపాట్లు తక్కువ కాదు, ఎక్కువ. అక్కడివారు ఎక్కువ తప్పులు చేయడం వలన గాక, దాచకుండా చెప్పడం వలన ఇలా జరిగి ఉంటుందని ఆమె వివరించింది. కావున తన జట్టులో ఫిర్యాదులే లేవని సంతోషించే మేనేజరు, అవి నిజంగా లేవా లేక తన వరకు రావడం లేదా అని విచారించుకోవలసి ఉంటుంది.

సీఆర్‌ఎం నుండి కార్యాలయాలు గ్రహించదగిన పద్ధతులు కొన్ని:

* సమావేశంలో నాయకుడు తన అభిప్రాయాన్ని చివరగా చెప్పాలి. ముందే చెబితే మిగిలినవారు దానినే సమర్థిస్తారు.
* "అంతా బాగానే ఉందా?" అని అడిగితే వచ్చే జవాబు "బాగానే ఉంది సార్" అని మాత్రమే. "ఇందులో ఏది తప్పిపోయే అవకాశం ఉంది?" అని అడగడం మేలు.
* "ఎవరైనా ఇది చూడండి" అని చెప్పిన పని ఎవరి పనీ కాదు. పేరు చెప్పి అప్పగించాలి. తీసుకున్నవారు తిరిగి చెప్పాలి.
* చెడు వార్త తెచ్చినవారిని అందరి ఎదుట కసురుకుంటే అదే ఆ కార్యాలయంలో ఆఖరి చెడు వార్త అవుతుంది.
* కిందివారు అభ్యంతరం చెప్పేటప్పుడు వ్యక్తిని గాక విషయాన్ని పట్టుకోవాలి. తాము గమనించినది, దాని ఫలితం, తాము సూచించే మార్గం అనే క్రమంలో చెప్పాలి.
* ఒకసారి చెప్పి బాధ్యత తీరిందనుకోరాదు. విన్నారని నిర్ధారించుకునే వరకు చెప్పాలి.

విమర్శలు - పరిమితులు

తొలి రోజులలో ఈ శిక్షణను పలువురు పైలట్లు మర్యాదలు నేర్పే బడి అని ఎగతాళి చేశారు. పనికి సంబంధం లేని ఆటలు, మనస్తత్వ పరీక్షలు అందులో ఎక్కువగా ఉండటం ఇందుకు కారణం. పని సందర్భాల ద్వారా బోధించడం మొదలైన తరువాత ఈ వ్యతిరేకత తగ్గింది. అయినా కొద్దిమంది ఈ శిక్షణ తరువాత కూడా మారరని పరిశోధకులు గుర్తించారు.

విమాన ప్రమాదాలు అరుదుగా జరుగుతాయి. కావున వాటి తగ్గుదలలో సీఆర్‌ఎం వాటా ఎంత, మెరుగైన పరికరాల వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. వైఖరిలోను, సిమ్యులేటర్‌లోని ప్రవర్తనలోను మార్పు మాత్రం నమోదైంది.

ఒక దేశంలో రూపొందిన శిక్షణను మరొక దేశంలో యథాతథంగా వాడడంపై కూడా చర్చ జరిగింది. పెద్దలకు ఎదురు మాట్లాడరాదన్న సంస్కారం బలంగా ఉన్న సమాజాలలో, మాట్లాడమని కిందివారికి చెబితే సరిపోదని హెల్మ్‌రైక్, ఆష్లీ మెరిట్ తమ పరిశోధనలలో వివరించారు. అటువంటి చోట హెచ్చరించడం పెద్దలను ధిక్కరించడం కాదని, వారికి చేసే సేవయేనని బోధించడం ఫలితమిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సంస్థ యాజమాన్యం సమయపాలన కోసం ఒత్తిడి తెస్తూ, అభ్యంతరం చెప్పినవారిని శిక్షిస్తూ ఉంటే తరగతి గదిలో నేర్పినది కాక్‌పిట్ వరకు చేరదు.

ఇవి కూడా చూడండి

* టెనరీఫ్ విమాన ప్రమాదం
* మంగళూరు విమాన ప్రమాదం
* నాయకత్వం
* చెక్‌లిస్టు
* మానవ వనరుల నిర్వహణ